స్టేజి చెప్పిన్రు సరే, గ్రేడు ఎంత?

న్యాల్‌కల్ మండల ప్రజలకు, ఆశా కార్యకర్తలకు, గ్రామ పంచాయతీలకు విన్నపం

మనింట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే అందరూ ముందు అడిగేది "ఎన్నో స్టేజి?" అనే. నాలుగు అన్నారంటే ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. ఎకరం అమ్మైనా చూపిద్దామని ఒకరు, ఇంకెందుకు ఇంటికి తీసుకపోదామని ఒకరు. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టి పేగులో వచ్చే న్యూరోఎండోక్రైన్ గడ్డ అనే క్యాన్సర్ విషయంలో ఈ రెండూ తొందరపాటే. గ్రేడు తెలియనిదే స్టేజి ఒక్కటి చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

చేనులో గరిక ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి, ఎంత జోరుగా పాకుతున్నదో చెప్పేది గ్రేడు. బయాప్సీ ముక్కకు కేఐ-67 అనే పరీక్ష చేసి, నూరు గడ్డ కణాల్లో ఎన్ని విభజన బాటలో ఉన్నాయో లెక్క కడతారు. మూడుకు లోపైతే 1వ గ్రేడు, 3 నుంచి 20 దాకా 2వది, 20 దాటితే 3వది. కణాల రూపు పూర్తిగా చెడిపోతే దాన్ని గ్రేడుల్లో కలపరు, న్యూరోఎండోక్రైన్ కార్సినోమా అంటారు. అది దూకుడు జబ్బు, కీమో ఆలస్యం కాకూడదు. 1వ గ్రేడు గడ్డ కాలేయం దాకా పాకి నాలుగో స్టేజి అయినా, వైద్యంతో ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు.

మందులూ గ్రేడును బట్టే. పేగు గడ్డలకు నెలకోసారి ఇచ్చే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్‌ను జర్మనీలో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మందు లేనివాళ్లలో 6 నెలలు, ఉన్నవాళ్లలో 14 నెలల పైచిలుకు. 2017లో వచ్చిన లుటీషియం (రేడియోధార్మిక మందు) చికిత్స ఫలితాల్లో, 20 నెలల నాటికి జబ్బు ముదరనివాళ్లు నూటికి 65 మంది. ఆక్ట్రియోటైడ్ మోతాదు పెంచి ఇచ్చినవాళ్లలో 11 మందే. ఈ రెండు పరీక్షలూ నెమ్మదిగా పెరిగే గడ్డల మీద చేసినవే. మీ రిపోర్టులో గ్రేడు లేకుంటే ఈ మందులు మీకు పనికొస్తాయో లేదో డాక్టరు ఎట్లా చెప్పాలె?

ఇంత అరుదైన జబ్బుకు కరపత్రమా అని నవ్వేవాళ్లుంటారు. "సైనికుడు" సినిమాలో మనం చూసిన ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ గడ్డ ఉందని 2018లో చెప్పినప్పుడే మనలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నాం. అరుదు కాబట్టే చిన్న ఊళ్లో ఈ జబ్బును పసిగట్టలేరు. విరేచనాలు, ముఖం ఎర్రబడి వేడెక్కడం, ఆగి ఆగి వచ్చే కడుపునొప్పి అన్నీ గ్యాస్ ట్రబుల్ ఖాతాలో పడిపోతాయి.

అపెండిక్స్ సంగతి మరీ ముఖ్యం. అక్కడి గడ్డ చాలాసార్లు మామూలు అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత, ల్యాబులోనే బయటపడుతుంది. సెంటీమీటరు లోపు ఉండి మొత్తం తీసేసి ఉంటే సాధారణంగా ఆ ఆపరేషనే వైద్యం. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడిభాగం కూడా తీయాల్సి వస్తుంది. ముక్కను చెత్తబుట్టలో వేస్తే రెండింట్లో ఏదో ఎవరికీ తెలియదు.

అందుకే అడుగుతున్నాం. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి గానీ, ప్రైవేటు నర్సింగ్ హోం గానీ, తీసిన ప్రతి అపెండిక్స్‌ను, ప్రతి పేగు ముక్కను ఫార్మలిన్‌లో పెట్టి బయాప్సీకి పంపాలి. న్యూరోఎండోక్రైన్ అని తేలితే గడ్డ సైజు, కేఐ-67 శాతం, స్టేజి, అంచుల్లో గడ్డ మిగిలిందా లేదా రాయని రిపోర్టును పూర్తి రిపోర్టుగా ఒప్పుకోవద్దు. 2022లో మొదలైన సంగారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కేఐ-67 పరీక్ష జరగాలి. కుదరని రోజున, తీసిన ముక్కను దాచిన మైనపు బ్లాకులను హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఆసుపత్రివాళ్లే పంపాలి, రోగి బంధువును బస్సెక్కించొద్దు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషం. నెలనెలా పడే ఇంజెక్షన్ అందులో వస్తుందో లేదో ఆరోగ్యమిత్ర కాగితం మీద రాసివ్వాలి.

బీదర్‌లో ఆపరేషన్ చేయించుకునేవాళ్లు మనలో చాలామంది. డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకండి. స్లైడ్లు, బ్లాకులు అడిగి తెచ్చుకోండి. పాతవైనా వాటి మీదే కేఐ-67 చేయించవచ్చు.

పై కోరికలను వచ్చే గ్రామసభలో తీర్మానంగా పెట్టించండి. ఒక ప్రతి జహీరాబాద్ ఆసుపత్రి సూపరింటెండెంటుకు, ఒకటి జిల్లా వైద్యాధికారికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.

ఇట్లు
న్యాల్‌కల్ మండల పౌరులు