చాలును, చాలదు

గణితమున నుత్తరము చెప్పుటకు ముందు, అందుకు తగిన యాధారము కలదో లేదో విచారించుట నేర్వవలెనని నా యభిప్రాయము.

ఉద్దానమున నొక తోటలో 35 కంటె తక్కువ టెంకాయలు రాశిపోసియున్న వనుకొందము. ఏడేసి చొప్పున నెంచిన మూడు మిగులునని యొకరు చెప్పిరి. అంతమాత్రమున లెక్క తేలదు. 3, 10, 17, 24, 31 అన్నియు సరిపడును. అయిదేసి చొప్పున నెంచిన రెండు మిగులునని వేరొకరు చెప్పిరి. ఇదియు నొంటిగా చాలదు. రెండును గలిపిన 17 ఒక్కటియే నిలుచును. 35 అను హద్దు తొలగించితిమా, 52, 87 మొదలగునవి వచ్చిచేరును, మరల చాలదు. ఇట్టి శేషముల లెక్కలు సాధించు పద్ధతి క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయముననే కలదు. దానికి కుట్టకమని పేరు.

4 చేతను 6 చేతను నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య 24 చేతను భాగింపబడునని బాలురు తఱచుగా తలంతురు. 12 ను జూచిన నీ భ్రమ తొలగును. కాదనుటకు ఒక్క యుదాహరణము చాలును. ఔననుటకు వేయియు చాలవు.

లెక్కలకేల యింత పట్టుదల యందురా? ఈ తీరమున ప్రబలిన మూత్రపిండముల వ్యాధికి నీరే కారణమని కొందరు, ఎండలోని కష్టమే కారణమని కొందరు తీర్పు చెప్పుదురు. దాని మూల మింకను నిశ్చయముగా తేలలేదు. రోగుల యిండ్లవారికి తొందర తీర్పులవలన మేలులేదు.

కావున పరీక్షలయందు "ఇచ్చినది చాలదు" అని కారణసహితముగా వ్రాసిన విద్యార్థికి నిండు మార్కు లియ్యవలెను. అట్లు వ్రాయుటకును లెక్క వచ్చియుండవలెను గదా!