శిక్షకురాలి పీఠము

స్త్రీలకు హక్కు నొసగిన శాసనమే స్త్రీల చేతిలోని పదవిని అన్యుల పాలు చేయుట లోకమున అపూర్వము కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కళాశాలల ఆటస్థలములందు ఇది జరిగిన తీరు మాత్రము మన పాఠకులు ఒకింత నిదానించి ఆలోచింపదగినది. 1972వ సంవత్సరమున ఆ దేశపు కాంగ్రెసు విద్యాశాసనమున తొమ్మిదవ ప్రకరణమును చేర్చి, ప్రభుత్వధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుషభేదమును బట్టి ఎవరికిని ఏ యవకాశమును నిరాకరింపరాదని విధించెను. ఆనాడు కళాశాలలలోని స్త్రీల జట్లకు ప్రధానశిక్షకులుగా నున్నవారిలో నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలే. నేడు అన్ని ఆటలను కలిపి చూచినచో సగము మందియైనను లేరు. ఈ రెండు లెక్కల నడుమ ఒక స్త్రీ జీవితము నడచినది. దానిని తెలిసికొన్నచో లాభమేదో నష్టమేదో తేటపడగలదు.

ప్యాట్ సమ్మిట్టు 1952లో టెన్నెస్సీ రాష్ట్రమున రైతుకుటుంబమున జన్మించెను. అన్నలతోపాటు పొగాకు చేలలో పనిచేయుట, ఎండుగడ్డి మోయుట, పాలు పిదుకుట ఆమె బాల్యము. (పొగాకు పంట ఇంటిల్లిపాది నెంతగా శ్రమ పెట్టునో గుంటూరు మండలపు రైతులకు మేము చెప్పనక్కరలేదు.) పని ముగిసిన పిమ్మట గడ్డిని నిలువచేయు అటకపై అన్నలతో బాస్కెటుబాలు ఆట. తాము నివసించుచున్న క్లార్క్సువిల్లున బాలికలకు జట్టు లేదని తెలిసి, జట్టున్న హెన్రియెట్టాకు తండ్రి కాపురమునే మార్చెను. కుమారుని చదువునకై పట్టణమునకు కాపురము మార్చిన తండ్రులు మనలో ననేకులు కలరు. కుమార్తె యాటకై కదలినవాడు ఏ దేశమునను అరుదే. ఆ తండ్రి కఠినుడని ప్రసిద్ధి. మాటలకంటె పనిని నమ్మినవాడు.

1974లో నాక్సువిల్లు నందలి టెన్నెస్సీ విశ్వవిద్యాలయమున స్త్రీల జట్టును నడపుచున్న శిక్షకురాలు సెలవుపై వెళ్లగా, ఇరువదిరెండేండ్ల యీ యువతికి ఆ భారము అప్పగింపబడెను. నెలకు 250 డాలర్లు జీతము. జట్టులోని కొందరికిని ఆమెకును వయస్సున ఏడాది భేదము. ఆటదుస్తులు ఉదుకుట ఆమె పనియే. పరస్థలములకు బండి తోలుట ఆమె పనియే. తొలి పందెమున మెర్సరు జట్టు చేతిలో 83కు 84గా, ఒక్క లెక్కతో ఓటమి. అది పదవి యనుటకంటె చాకిరి యనుట యుక్తము. పురుషుడెవడును దానిని కోరలేదనుటలో ఆశ్చర్య మేమి?

అంతకుముందే మోకాలు విరిగినంత పనియైన ఆ యువతి 1976లో మాంట్రియాలు ఒలింపిక్కు క్రీడలందు, అనగా స్త్రీల బాస్కెటుబాలునకు తొలిసారి ప్రవేశము లభించిన క్రీడలందు, ఆడి వెండిపతకము గొనితెచ్చెను. 1984లో లాసేంజిలిసున శిక్షకురాలిగా బంగారుపతకమును సంపాదించెను. ఆ కాలమున టెన్నెస్సీ ఉన్నతపాఠశాలల బాలిక లాడునది వేరొక యాట. జట్టునకు ఆరుగురు, ముగ్గురు బంతి వేయువారు, ముగ్గురు అడ్డువారు, నడిమి గీతను ఎవరును దాటరాదు. స్త్రీ శరీరము పూర్తి స్థలమున పరుగిడజాలదని పెద్దల తీర్పు! సగము ఆటయే నేర్చిన బాలికలు కళాశాలలకు వచ్చి వెనుకబడుచుండగా, ఈ నియమమును మార్పవలెనని పట్టుబట్టినవారిలో ఈమె ప్రముఖురాలు. 1979లో ఆ గీత చెరగినది. ఆమె విజయములలో దీనిని ఎవరును లెక్కింపరు గాని, మా దృష్టిలో నిది పతకములకంటె తక్కువది కాదు.

పిమ్మటి చరిత్ర జగమెరిగినది. 38 సంవత్సరములు ఒకే విశ్వవిద్యాలయము. 1098 గెలుపులు, 208 ఓటములు. 1987 మొదలు 2008 వరకు ఎనిమిది జాతీయ విజేతృత్వములు. 1998లో ముగిసిన యేట 39 పందెములాడి ఒక్కటియు నోడలేదు. 2005లో, పురుషుల జట్లకు శిక్షకుడైన డీన్ స్మిత్తు నెలకొల్పిన 879 గెలుపుల మేరను దాటెను. 2006లో ఆమె వార్షికవేతనము పదిలక్షల డాలర్లను మించెను. స్త్రీల బాస్కెటుబాలున అంతకుముందు ఎవరికిని దక్కని వేతనమది. ఇవి పత్రికలు చాటిన సంగతులు. ఆమె వద్ద ఆటకాలమును పూర్తిచేసిన ప్రతి విద్యార్థినియు పట్టము పుచ్చుకొని వెడలెననుట అంతగా చాటబడలేదు. తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెను. కారణము లేక ఒక్కనాడైనను మానరాదు. ఇది జట్టు నియమము. ఆమె చూపునకు వణకనివారు లేరట. మన పూర్వపు గురువుల వలె ఆమెయు శిక్ష నిచ్చుటలో దయ చూపునది కాదు; చదువు ముగియువరకు విడిచిపెట్టునదియు కాదు.

ఇక మా వాదము. చాకిరి పదవియైనది, పదవికి ధన మబ్బెను, ధనముతోపాటు అభ్యర్థులు వచ్చిరి. స్త్రీల యాటలను స్త్రీలే నడపుకొనుచుండిన ఏ.ఐ.ఏ.డబ్ల్యూ. యను సంఘము, 1982లో పురుషుల సంఘమైన ఎన్.సి.ఏ.ఏ. స్త్రీలకును పోటీలు నెలకొల్పగా, నిలువజాలక మూతపడినది. విశ్వవిద్యాలయములలో స్త్రీల క్రీడాశాఖలు పురుషుల శాఖలలో విలీనములైనవి. ఆ శాఖల కధిపతులు సామాన్యముగా పురుషులే. నియమించు చేయి మారినపుడు నియమితులు మారుట వింత కాదు. టెన్నెస్సీలో స్త్రీలకు వేరు శాఖయు, దానికి జోన్ క్రోనను అను స్త్రీ అధిపతియు చాలకాలము నిలిచిరి; 2012 ప్రాంతమున అదియు విలీనమైనది. సమ్మిట్టు గొప్పతనమును పొగడువారు ఈ వేరు శాఖను తలపకుండుట న్యాయము కాదు. అడవి లేనిదే చందనవృక్షము పెరుగదు.

పురుషుడు స్త్రీల జట్టుకు శిక్షణ నీయజాలడా యని కొందరడుగుదురు. ఈయగలడు. కనెక్టికటు విశ్వవిద్యాలయమున జీనో ఔరియెమ్మా 2025 నాటికి పండ్రెండు జాతీయ విజేతృత్వములు సాధించి, గెలుపుల లెక్కలో 2024లోనే అందరిని మించెను. సామర్థ్యమును మేము శంకింపము. కాని సమర్థునకే పదవి యను సూత్రము రెండు ద్వారములందును సమముగా వర్తింపవలదా? పురుషుడు పురుషుల జట్టునకు పోవచ్చును, స్త్రీల జట్టునకును పోవచ్చును. స్త్రీకి ఒకే ద్వారము. అందును సగమునకు మించి ఆక్రమితము. ఇంతటి సమ్మిట్టునైనను పురుషుల జట్టునకు రమ్మని టెన్నెస్సీ అడిగినదనియు, ఆమె నిరాకరించినదనియు చెప్పుదురు. ఆమె నిరాకరించుటకు తగిన కారణములు కలవు. ఆమె తరువాత ఆ ప్రశ్న ఎందరు స్త్రీల నడిగిరో లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును.

ధనము లేదను సాకు నేడు చెల్లదు. 2021లో పురుషుల పోటీలకు విశాలమైన వ్యాయామశాలయు, స్త్రీలకు కొన్ని ఇనుప గుండ్లును అమర్చిన సంగతి ఒక క్రీడాకారిణి లోకమునకు చూపగా, ఎన్.సి.ఏ.ఏ. సిగ్గుపడి విచారణ చేయించెను. 2024లో స్త్రీల తుదిపందెమును ఒక కోటి ఎనుబదిలక్షలమందికి పైగా దూరదర్శినులలో చూచిరి. పురుషుల తుదిపందెమును చూచినవారు ఒక కోటి ఏబదిలక్షలైనను లేరు. ఆ తుదిపందెమున గెలిచిన దక్షిణ కెరొలైనా జట్టునకు శిక్షకురాలు డాన్ స్టేలీ యను స్త్రీ. గిరాకి పెరిగిన సంతలో పాత గుడిసెవారికి చోటుండునా లేదా యనునదే ప్రశ్న. విశ్వవిద్యాలయములు ప్రతి నియామకమునకును ఎందరు స్త్రీలను పరీక్షకు పిలిచిరో ఏటేట ప్రకటింపవలెను. ఆ లెక్క బయటపడినచో వాదములో సగము తానే తీరును. మన యాంధ్ర యువతులు వేలకొలది ఆ దేశపు విద్యాలయములలో చదువుచున్నారు గనుక, తొమ్మిదవ ప్రకరణపు ఫలమును, లోపమును, మనవారును పంచుకొనువారే.

2011 ఆగస్టులో, ఏబదితొమ్మిదవ యేట, తనకు అల్‌జైమరు వ్యాధి సోకెనని సమ్మిట్టు బహిరంగముగా ప్రకటించెను. వేలకొలది పందెములను జ్ఞప్తియం దుంచుకొనిన మనస్సునకే విస్మృతి! దాచిపెట్టి తప్పుకొనుట సులభము. ఆమె మరియొక యేడు జట్టుతో నిలిచి, 2012 ఏప్రిలులో, తన వద్ద ఆడి చిరకాలము సహాయురాలుగా నుండిన హాలీ వార్లిక్కునకు పీఠము నప్పగించెను. 2016 జూనులో మరణించెను. వార్లిక్కు పిమ్మట ఆమె శిష్యురాలే కెలీ హార్పరు. 2024లో కిమ్ కాల్డ్‌వెల్లు. ఆ పీఠమున నింతవరకు స్త్రీయే కూర్చుండెను.

1990లో నిండుచూలాలైన సమ్మిట్టు పెన్సిల్వేనియాలో నొక విద్యార్థినిని జట్టునకు ఆహ్వానింప వెళ్లి, నొప్పులు మొదలిడగా, నడుమ దిగక విమానమును టెన్నెస్సీకే పోనిమ్మని పట్టుబట్టి ఇంటికి వచ్చి కుమారుని కనెను. ఈ కథను అమెరికా పత్రికలు ముచ్చటగా చెప్పుకొనును. 2025 జనవరిలో కాల్డ్‌వెల్లు కుమారుని కని, ఒక్క పందెము మాత్రము మాని, వారము దినములకే జట్టు ప్రక్కకు వచ్చి నిలిచెను. దానిని కూడ వీరత్వమని మెచ్చిరి. మెచ్చవలసినదే, కాని ముప్పదియైదేండ్లు గడచినను ఆ పీఠముపై కూర్చుండు స్త్రీని ఈ పరీక్ష విడువలేదు. పురుషశిక్షకుని ఎవరును ఇట్లు పరీక్షింపరు.