పేరు వెనుక అక్షరములు

“బోర్డు మీద డాక్టరని ఉన్న ప్రతివారూ ఇంగ్లీషు మందు వ్రాయవచ్చునా?” అని రాయకోట నుంచి ఒక సోదరి అడిగారు. వ్రాయరాదు. అయితే ఈ చిక్కు నేటిది కాదు గనుక కొంచెము వెనుకకు పోదాము.

మన ప్రాంతము సేలం జిల్లాలో ఉన్న రోజులలో, 1914లో, మద్రాసు ప్రభుత్వము వైద్యుల నమోదుకు చట్టము చేసినది. అప్పట్లో కాలేజీలో చదివిన యం.బి.లు కొందరైతే, మెడికల్ స్కూళ్ళలో చదివిన యల్.యం.పి.లు మరికొందరు. 1925లో పానగల్లు రాజావారి హయాములో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల తెరిచి, యల్.ఐ.యం. అని ఇంకొక యోగ్యతను ఇచ్చారు. ఆయుర్వేదము, సిద్ధ, యునానీలతో పాటు పాశ్చాత్య వైద్యమూ అక్కడ నేర్పేవారు. కాబట్టి “ఆ కాలపు డాక్టరుగారు లేహ్యమూ ఇచ్చేవారు, సూదీ వేసేవారు” అని పెద్దలు చెబితే అది కట్టుకథ కాదు. 1946లో భోర్ కమిటీ అందరికీ ఒకే పట్టము ఉండవలెనన్నది, తరువాత యల్.యం.పి. చదువు పోయినది.

నేడు ఇంగ్లీషు మందులు వ్రాయవలసినది యం.బి.బి.యస్. చదివి వైద్యమండలిలో నమోదైనవారు. పంటి డాక్టర్లు పంటివైద్యము మేరకు వ్రాస్తారు. బి.ఏ.యం.యస్., బి.యస్.యం.యస్. వారూ అయిదున్నర ఏండ్లు చదివినవారే. వారిని నకిలీలనడము అన్యాయము. కాని 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇది: ఏ వైద్యము చేసే హక్కు ఉన్నదో ఆ మందులే వ్రాయవలెను, రాష్ట్రము ప్రత్యేకముగా అనుమతించితే తప్ప. మందుల షాపువారు చీటీ చూసి ఇవ్వవలసినవారే గాని వ్రాయవలసినవారు కారు.

ఇక ‘ఆరెంపీ’. చట్టములో ఈ మాటకు నమోదైన వైద్యుడని అర్థము. తెలుగుదేశపు పల్లెలలో అది తిరగబడి, ఏ పట్టమూ లేనివారికి పేరైనది! కుప్పం వైపు చుట్టాలు ఈ మాటే అంటారు. అర్ధరాత్రి జ్వరమొస్తే పిలవగానే వచ్చేది ఆయనే. ఆ ఉపకారమును మేము కాదనము. కాని మోకాళ్ళ నొప్పికి ఒక్క సూదితో లేచి నడిచిన అవ్వ నెలనెలా అదే అడుగుతుంది. అది స్టిరాయిడ్ అయితే కొన్నాళ్ళకు రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. అర్హత లేని వైద్యమునకు 2019 చట్టము ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పెట్టినది. అవ్వ ఎముకలను అది తిరిగి ఇవ్వదు.

ఆఫీసు కాగితములతో బ్రతికే మాకు ఒకటి తెలుసు: సంతకమూ తేదీ లేని కాగితము బల్ల దాటదు. మందుచీటీకీ అంతే. రోగి పేరు, చిరునామా, మందు ఎంత, ఏ మోతాదులో, తేదీ, సంతకము ఉండవలెను. డాక్టరుగారి నమోదు సంఖ్య కూడా ఉండవలెనని 2002 నిబంధనలు చెబుతున్నవి. 2014 నుంచి కొన్ని గట్టి యాంటీబయాటిక్కులు, క్షయ మందులు అమ్మితే షాపువారు వ్రాసినవారి పేరు, రోగి పేరు పుస్తకములో ఎక్కించి మూడేండ్లు దాచవలెను.

“నంబరు అడిగితే డాక్టరుగారు కోపగించరా?” అని సోదరి సందేహము. అడగనక్కరలేదమ్మా, చీటీ మీదనే చూడండి. జాతీయ వైద్య కమిషన్ వారి పట్టికలో ఆ పేరును పిల్లలచేత ఫోనులోనే వెతికించవచ్చును. బెంగుళూరు డాక్టరైతే కర్ణాటక క్రింద వెతకండి.