అద్దె ఫ్లాటులో తెడ్డు

గల్ఫులో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఒకటి గమనించండి. సోఫా ఇంకెవరో ఊరు వదిలి వెళ్తూ అమ్మేసినది. డైనింగు టేబులు డుబిజిల్‌లో బేరమాడి తెచ్చినది. గోడకి మేకు కొట్టరు, డిపాజిట్టులో కోస్తారని భయం. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్న కుటుంబాన్ని అడిగినా "ఎలాగూ రెండేళ్ళలో వెళ్ళిపోతాం కదండీ" అంటారు. రెండేళ్ళకోసారి వీసా రెన్యువల్ చేయించుకునే బతుకులో మనసు కూడా రెండేళ్ళ లెక్కల్లోనే ఆలోచించడం నేర్చుకుంటుంది కాబోలు. సామాన్ల విషయంలో దాన్ని తప్పుపట్టను. కానీ ఒంటి విషయంలో కూడా అదే లెక్క నడుస్తోంది. వ్యాయామం అంటే హైదరాబాదు వెళ్ళాక, స్థిరపడ్డాక, పొద్దున్నే కేబీఆర్ పార్కులో! ఆ స్థిరపడే రోజుకి గుండె ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ స్ప్రెడ్‌షీటులో వెయ్యరు.

52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోంచి దక్షిణాసియా లెక్కల్ని విడదీసి 2007లో జామా పత్రికలో ప్రచురించారు. మొదటి గుండెపోటు వచ్చిన వయసు మనవైపు సగటున 53 ఏళ్ళు, మిగతా దేశాల్లో 58.8. గుండెజబ్బు లేనివాళ్ళని పోల్చి చూసినా, ఒక మోస్తరు లేదా గట్టి వ్యాయామం చేసేవాళ్ళు మనలో 6.1 శాతం, మిగతావాళ్ళలో 21.6 శాతం. కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే మన వృత్తి ఈ అంకెల్ని మెరుగుపరచదని వేరే చెప్పక్కర్లేదు.

బయట నడవచ్చు కదా అంటారు. నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా నడవచ్చు, నేనూ నడుస్తాను. కానీ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వమే నిషేధం పెట్టిన దేశం ఇది. రాత్రి తొమ్మిదింటికి బయటికి వస్తే కళ్ళజోడు మీద ఆవిరి పట్టేస్తుంది. 2025 ఆగస్టులో దుబాయిలో మాల్స్ తలుపులు పొద్దున్నే తీసి జనాన్ని లోపల నడవమన్నారంటే ఊరికే కాదు. బిల్డింగులో జిమ్ము ఉంది కదా అనే మాట కూడా వింటుంటాను. ఉన్నచోట మంచిదే. షార్జా, అజ్మాన్ పాత బిల్డింగుల్లో అది ఉండదు. ఉన్నచోట సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ట్రెడ్‌మిల్లు దగ్గర వరస. అమెరికా క్లయింటుతో కాల్స్ ఉన్నవాడికి ఆ వేళే కుదరదు. జిమ్ములో పదిమంది మగవాళ్ళ మధ్య తనకి ఇబ్బందిగా ఉంటుందని మొహమాటం లేకుండా చెప్పే ఇల్లాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట కొట్టిపారేసేది కాదు.

కాబట్టి ఇంట్లో ఒక యంత్రం. ట్రెడ్‌మిల్లు కొంటే కింది ఫ్లాటువాళ్ళు వాచ్‌మన్‌ని పంపిస్తారు. సైకిలు కాళ్ళకే పని పెడుతుంది. పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగు యంత్రంలో కాళ్ళు, నడుము, వీపు, చేతులు అన్నీ పనిచేస్తాయి, దబదబ చప్పుడుండదు, మోకాళ్ళ మీద దెబ్బ పడదు. అందులోనూ చెక్కతో చేసి, ముందు నీళ్ళ తొట్టి ఉండే రకం ఈమధ్య మనవాళ్ళ కంటికి బాగా ఆనుతోంది. నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది "చవకలో ఏది మంచిది?" అంటూ దీని గురించే అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ఇది పనిచేసే తీరు మన అమ్మమ్మలకి చెబితే నవ్వుతారు. కుండలో కవ్వం పెట్టి, దానికి తాడు చుట్టి, అటూ ఇటూ లాగుతూ చల్ల చిలకడం గుర్తుందా? ఇదీ అదే. తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో రెక్కలు, రెక్కల ఇరుసుకి పట్టీ, పట్టీ చివర పిడి. కవ్వానికి రెండో చెయ్యి ఎదురు లాగితే ఇక్కడ ఆ పని ఒక సాగే తాడు చేస్తుంది. వెన్న రాదు, చెమట వస్తుంది. ఇందులోని భౌతికశాస్త్రం చాలామంది అమ్మకందార్లకి కూడా తెలియదు. నీళ్ళ ఎదురుతోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పెట్టాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి. అంటే రెక్కల్ని రెట్టింపు వేగంతో తిప్పాలంటే ఎనిమిది రెట్లు శక్తి కావాలి. అందుకే దీనికి "16 రెసిస్టెన్స్ లెవెల్స్" అక్కర్లేదు. మెల్లిగా లాగితే మెత్తగా ఉంటుంది, గట్టిగా లాగితే గట్టిగా ఎదురు తిరుగుతుంది. తొట్టిలో నీళ్ళు పెంచితే బరువైన పడవ, తగ్గిస్తే తేలిక పడవ, అంతే తేడా. ప్రకటనలో లెవెల్స్ లెక్క చూసి డబ్బు పెట్టకండి.

ఈ రూపాన్ని 1980ల చివర్లో తెచ్చినవాడు జాన్ డ్యూక్ అనే అమెరికన్, తనూ రోయింగు క్రీడాకారుడే. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని వారెన్‌లో ఉన్న ఆయన కంపెనీ వాటర్‌రోవర్. 2013లో వచ్చిన హౌస్ ఆఫ్ కార్డ్స్ ధారావాహికలో రాజకీయ నాయకుడి పాత్ర ఇంట్లో అది కనబడ్డాక దాని పేరు రోయింగు తెలియనివాళ్ళకి కూడా తెలిసింది. ధర మాత్రం వెయ్యి డాలర్లు దాటిన మాట. పేటెంటు ఆయుష్షు 20 ఏళ్ళే కాబట్టి, అది తీరాక చైనా నుంచి అదే పోలికతో ఎన్నో యంత్రాలు వచ్చాయి. అమెజాన్‌లోనో నూన్‌లోనో వెతికితే అసలుదాని ధరలో సగానికి, అంతకన్నా తక్కువకి కూడా కనిపించేవి ఇవే.

ఇక్కడ మనవాళ్ళకి ఒక ధర్మసందేహం వస్తుంది: నకలు కొనడం తప్పు కాదా అని. పైరేటెడ్ విండోస్‌తో చదువుకుని ఇప్పుడు లైసెన్సుల మీద బతుకుతున్న మనకి ఆ సందేహం రావడం మంచిదే. ఆ తగువు కోర్టు దాకా వెళ్ళింది కూడా. టోపియం పేరుతో యంత్రాలు అమ్మే లైకింగ్ లిమిటెడ్ మీద వాటర్‌రోవర్ ఇంగ్లండులో కాపీరైటు దావా వేసింది. తమ యంత్రం ఒక కళాత్మక హస్తకృతి అని వాదించింది. 2024 నవంబరులో కోర్టు ఒప్పుకోలేదు. అది వాళ్ళ చట్టం ప్రకారం ఆ కోవలోకి రాదు కాబట్టి కాపీరైటు లేదని తేల్చింది. నా ఉద్దేశం కూడా అదే. ఒక ఉపాయానికి ఇరవై ఏళ్ళు కాపలా కాశాక అది ఊరుమ్మడి సొత్తు కావాలి, లేకపోతే పేటెంటుకి గడువు పెట్టడంలో అర్థమే లేదు. కాకపోతే ఆకారం అందరిదీ అయినంత మాత్రాన పనితనం అందరిదీ అయిపోదు. అసలు సమస్య అక్కడుంది.

మొదట చూడాల్సింది చెక్క కాదు, పట్టాలు. కూర్చునే పీట నిమిషానికి ఇరవై, ఇరవై రెండు సార్లు వాటిమీద ముందుకీ వెనక్కీ పోతుంది. చక్రాలు ఒట్టి చెక్కమీదే పరిగెత్తుతుంటే కొన్నాళ్ళకి గాడి పడుతుంది. మధ్యలో గట్టి ప్లాస్టిక్కో లోహమో పట్టీ ఉండాలి. చెక్క సంగతికొస్తే, ఖరీదైనవాటిలో యాష్, ఓక్, వాల్‌నట్ వాడతారు. చవకవాటిలో రబ్బరు చెక్క ఎక్కువ. పాలు కారడం ఆగిపోయిన రబ్బరు చెట్లని కొట్టి, చిన్న ముక్కల్ని వేళ్ళు పెనవేసినట్టు అతికించి చేసే పలకలవి. రబ్బరు చెక్కంటే తీసిపారేయక్కర్లేదు, సగం ప్రపంచం భోజనం బల్లలు దానితోనే చేస్తారు. అయితే తేమ తగిలితే బూజు పడుతుంది, కాబట్టి పైపూత అంచుల్లో, మరల కన్నాల్లో కూడా ఉందో లేదో చూడాలి. తర్వాత విడిభాగాలు: సాగే తాడు, పట్టీ, పీట చక్రాలు. ఈ మూడే ముందుగా అరిగేవి. కొనేముందు అమ్మేవాడికి ఒక సందేశం పెట్టి ఈ మూడింటి ధర అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు. షార్జాలో నాకు తెలిసిన ఒకాయన యంత్రం ఏడాది తిరక్కుండా సాగే తాడు తెగి మూలపడింది. అమ్మిన దుకాణం ఆన్‌లైనులో కనబడటం మానేసింది. తొట్టి బాగుంది, చెక్క బాగుంది, పిల్లలు దానిమీద స్కూలు బ్యాగులు పెడుతున్నారు.

ఇక మన వృత్తికి సంబంధించిన సంగతి, మానిటరు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: పెద్ద తెర, నెలనెలా చందా ఉన్న యంత్రం కొనకండి. తెర వెనక ఉన్న సర్వరు ఎప్పుడు మూతపడుతుందో మీ చేతిలో లేదు. చెక్క ఇరవై ఏళ్ళు ఉంటుంది, స్టార్టప్పు ఉంటుందా? దానికి బదులు యంత్రం బ్లూటూత్ ఎఫ్‌టీఎంఎస్ పద్ధతిని పాటిస్తుందో లేదో చూడండి. వ్యాయామ యంత్రాలు ఫోనుతో ఎలా మాట్లాడాలో 2017లో బ్లూటూత్ సంఘం ఖాయం చేసిన ఉమ్మడి భాష ఇది, రోయింగు కొలతలకి అందులో విడిగా చోటుంది. అది ఉంటే ఆ కంపెనీ యాప్ పోయినా ఇంకో యాప్ పనిచేస్తుంది. లేదంటే ఒట్టి బ్యాటరీ మానిటరు ఉన్నా చాలు. లోపల ఉండేది ఒక అయస్కాంతం, ఒక రీడ్ స్విచ్. ఆ స్విచ్చికి రాస్ప్‌బెర్రీ పై తగిలించి అన్ని లెక్కలూ తీసే ఓపెన్ రోయింగ్ మానిటర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉంది. శనివారం కాలక్షేపం కోసం వెతుక్కునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పని దొరకదు.

అంకెల నిజం కూడా కొంచెం చెప్పుకోవాలి. రోయింగు లోకంలో కొలమానం అంటే వెర్మాంట్ రాష్ట్రపు కాన్సెప్ట్ టూ వాళ్ళ గాలి యంత్రం. వాళ్ళ సూత్రం బహిరంగమే: మీటరుకి పట్టిన సెకన్ల ఘనంతో 2.80ని భాగిస్తే వాట్లు వస్తాయి. 500 మీటర్లు రెండున్నర నిమిషాల్లో లాగితే దాదాపు 104 వాట్లు, రెండు నిమిషాల్లో లాగితే 202 దాటుతాయి. అర నిమిషం తగ్గించడానికి శక్తి దాదాపు రెట్టింపు! ఆ యంత్రం లాగు లాగుకీ మధ్య చక్రం ఎంత నెమ్మదిస్తోందో కొలిచి లెక్క సరిచేసుకుంటుంది. చవక నీళ్ళ యంత్రాల్లో చాలావాటికి ఆ తెలివి లేదు. తొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయో కూడా తెలియకుండా చుట్లు లెక్కపెట్టి దూరం చెప్పేస్తాయి. కాబట్టి మీ అంకెని నిన్నటి మీ అంకెతోనే పోల్చుకోండి, డల్లాస్‌లో ఉన్న బావమరిది అంకెతో కాదు. బావమరిదితో పందెం కాయాల్సిందే అనుకుంటే వాడిన కాన్సెప్ట్ టూ వెతుక్కోండి. ఎనిమిది అడుగుల పొడవు, చూడటానికి ఫ్యాక్టరీ సామానులా ఉంటుంది, కానీ రెండు ముక్కలుగా విడిపోతుంది.

ఖరీదు లెక్క మనం క్లయింట్లకి చెప్పే పద్ధతిలోనే వేసుకోవాలి. ఉదాహరణకి పేరున్న యంత్రం 5000 దిర్హములు పెట్టి కొని, వెళ్ళేటప్పుడు 3000కి అమ్మితే మీకు పడింది 2000. ఊరూ పేరూ లేనిది 2000కి కొని 300కి వదిలించుకుంటే పడింది 1700. తేడా 300. అంకెలు నా ఊహ, మీ అంకెలు మీరు వేసుకోండి. కానీ రెండేళ్ళలో వెళ్ళిపోతాం అనేవాడే తిరిగి అమ్ముడుపోయేది కొనాలి, మనవాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తారు. బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు 5 శాతం కస్టమ్స్ సుంకం, దాని మీద మళ్ళీ 5 శాతం వ్యాట్, అంటే మొత్తం 10.25 శాతం కలుపుకోవాలి. ముప్ఫై కిలోల పెట్టెకి రవాణా ఛార్జీ వేరే. నన్నడిగితే మొదట డుబిజిల్‌లో వాడిన అసలుది, అది దొరకకపోతే విడిభాగాలు దొరికే నకలు, అదీ ఇక్కడి గోడౌనులో సరుకున్నవాడి దగ్గర. బడ్జెటు అంతకీ అందకపోతే చెక్క మోజు వదిలి మామూలు ఇనప యంత్రం కొనుక్కోవడం మేలు. సరిగ్గా లాగితే ఒంటికి తేడా తెలియదు. సరిగ్గా అంటే ముందు కాళ్ళతో తొయ్యాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర చేతులు. వచ్చేటప్పుడు ఈ వరస తలకిందులు. వీపు గూనిలా వంచి చేతులతో లాగేవాళ్ళకి మొదటి నెలలోనే నడుంనొప్పి ఖాయం. డిస్కు బాధ ముందే ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఎక్కకండి.

స్థలం గురించి కంగారు అక్కర్లేదు. చెక్క యంత్రం ఏడడుగుల పొడవున్నా పని అయ్యాక నిలబెట్టేస్తే కుర్చీ అంత చోటులో ఇమిడిపోతుంది. నీళ్ళతో కలిపి యాభై కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో గోడ మూలకి చేర్చి, పడకుండా కట్టి ఉంచాలి.

చివరగా నీళ్ళు. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే తొట్టిలో పాచి పడుతుంది, కాబట్టి బాల్కనీ తలుపుకి దూరంగా ఉంచి, తయారీదారు చెప్పిన బిళ్ళ మాత్రమే వెయ్యండి. ఈతకొలనులో పోసే మందు పోస్తే తొట్టి ప్లాస్టిక్కు పాడవుతుంది. ఇండియా సెలవులు మాత్రం ప్రత్యేకం. జులైలో పిల్లల బడి మూసెయ్యగానే ఏసీ కట్టేసి ఐదారు వారాలు వెళ్ళిపోతాం. తిరిగొచ్చేసరికి అల్మారాలోని తోలు చెప్పులకే బూజు పట్టి ఉంటుంది, ఇక చెక్కా నీళ్ళూ కలిసి ఉన్న సామాను సంగతి చెప్పాలా? విమానం ఎక్కే ముందు రోజు, యంత్రంతో పాటు ఇచ్చే చేతి పంపుతో తొట్టిలోని పదిహేను, పదిహేడు లీటర్లూ బకెట్టులోకి తోడెయ్యండి. పావుగంట పని. ఏసీని పూర్తిగా కట్టెయ్యకుండా 27, 28 దగ్గర వదిలి వెళ్తే కరెంటు బిల్లు కొంత వస్తుంది, చెక్క మాత్రం నిలుస్తుంది.