యూసీ మీద గూడెం సంతకం ఏది?

ఎంజీబీఎస్‌లో బస్సు దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే కాసేపట్లోనే ఉస్మానియా దవాఖాన గేటు వస్తుంది. ఉట్నూరు నుంచి వచ్చినా, ఏటూరునాగారం, భద్రాచలం, మన్ననూరు నుంచి వచ్చినా మనవాళ్లలో చాలామందికి హైదరాబాద్ అంటే ఈ గేటే. చార్మినార్ ఇక్కడికి దగ్గరే, నయాపుల్ దాటితే చాలు. కానీ రెఫరల్ చీటీ పట్టుకొని వచ్చినవాళ్లు దాన్ని చూడకుండానే తిరిగి బస్సెక్కుతారు.

అదే గేటు నుంచి ఈసారి కోఠి వైపు నడవండి. మహా అయితే పావుగంట. సుల్తాన్‌బజార్‌లో వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులున్నాయి. రాష్ట్రంలో జాతీయ ఆరోగ్య మిషన్ ఫైళ్లు కదిలేది అక్కడే. ఆశా అక్కలు చలో హైదరాబాద్ అని వచ్చినప్పుడు రోడ్డు మీద కూర్చునేది కూడా ఆ ఆఫీసుల ముందే. మన సబ్‌సెంటర్ల పేరు మీద ఢిల్లీ నుంచి వచ్చే పైసల లెక్క ఇక్కడుంటుంది. ఆ సబ్‌సెంటర్లో తగ్గని జ్వరం పక్కనే ఉస్మానియాకు చేరుతుంది. రెండింటికీ మధ్య దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. ఈ కిలోమీటరులో ఏం జరుగుతుందో మన యువతకు తెలియాలి.

ముందుగా ఒక మాట. "ఏజెన్సీకి నిధులు లేవు" అని ఎవరన్నా అంటే వెంటనే నమ్మకండి. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది, 2013లో పట్టణాలను కలుపుకొని జాతీయ ఆరోగ్య మిషన్ అయింది. మన రాష్ట్రంలాంటి చోట్ల ఇప్పుడు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. దీనికి తోడు 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి ఖర్చు చేయమని దేశం మొత్తానికి 70,051 కోట్ల గ్రాంటు సిఫారసు చేసింది, 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు. అందులో 43,928 కోట్లు గ్రామీణ ప్రాంతాలకే. సొంత భవనం లేని సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీలు కట్టడానికి, పరీక్షల సామగ్రికి, మండల స్థాయి ప్రజారోగ్య యూనిట్లకు. 2023 నవంబర్ 15న పీఎం జన్‌మన్ వచ్చింది. దాని మొత్తం 24,104 కోట్లు. మన దగ్గర కొలాం, తోటి, కొండరెడ్డి, చెంచు ప్రజలు దాని కిందికి వస్తారు. అందులో సంచార వైద్య వాహనాలకు కూడా పైసలు పెట్టారు. ఇవన్నీ చాలినంత అని నేను అనడం లేదు. కానీ "లేవు" అనేది అబద్ధం.

మరి వచ్చినవి ఎటు పోతున్నయి? దొంగతనం కథ చెప్తే మనకు వినడానికి బాగుంటుంది, కోపం కూడా తొందరగా వస్తుంది. కానీ చాలాచోట్ల జరిగేది అంతకంటే నెమ్మదైన పని. గ్రాంటు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. ముందు ఇచ్చింది ఖర్చు చేశామని వినియోగ ధ్రువపత్రం, అందరూ యూసీ అంటారు గదా, అది పైకి పంపాలి. రాష్ట్రం తన వాటా జమ చేయాలి. ఇవి సరిగ్గా లేకపోతే తర్వాతి విడత ఆగుతుంది. చూడటానికి న్యాయమైన పద్ధతే. కానీ ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉన్న సబ్‌సెంటర్లో డబ్బు ఖర్చు చేసేదెవరు? డాక్టరు లేని పీహెచ్‌సీలో మందుల ఇండెంటు పెట్టేదెవరు? మనుషులు లేని చోట ఖర్చు జరగదు, ఖర్చు జరగని చోటికి మళ్లీ డబ్బు కదలదు. మనుషులు ఉన్న పీహెచ్‌సీ ఏటా కాస్త మెరుగవుతుంది. గుట్ట మీది గూడెం ఏటా ఇంకాస్త వెనక్కి పోతుంది. ఆఫీసు భాషలో దీని పేరు "తక్కువ వినియోగం". అదేదో మనకే మందులు వాడటం ఇష్టం లేనట్టు!

ఖర్చు చేయడం సులువుగా ఉండే పని ఒకటుంది. గోడ కట్టడం. కాంట్రాక్టరుంటాడు, కొలత ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది. భవనం పూర్తయితే యూసీ కూడా పూర్తి. లోపల నర్సు ఉందా, రాత్రి కాన్పు జరుగుతుందా, పాముకాటు మందు ఉందా అని ఆ కాగితం అడగదు. భవనాలు వద్దని కాదు, వానకు కారే గదిలో ఎవరు పని చేస్తారు? కానీ ఒక్కసారి పెట్టే ఖర్చును గ్రాంటు అనీ, నెలనెలా ఇవ్వాల్సిన జీతాన్ని భారం అనీ చూసినంతకాలం మనకు దక్కేది రంగులేసిన తాళం తలుపులే.

ఇక జనాభా లెక్క చూడండి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి. పీహెచ్‌సీ అయితే 30,000కు బదులు 20,000. మనకు సడలింపు ఇచ్చామంటారు. ఒక్కో కొలాం గూడెంలో ఎన్ని ఇళ్లుంటాయో మీకు తెలుసు. 3,000 మంది కావాలంటే ఎన్ని వాగులు, ఎన్ని గుట్టలు కలపాలి? ఇదే హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానలు పెట్టారు. ఐదు నుంచి పది వేల మందికి ఒకటి, ఎంబీబీఎస్ డాక్టరుతో, ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో. పాతబస్తీ పేదలకు అది దక్కినందుకు మనం ఏడవాల్సిన పని లేదు. పేట్లబుర్జు ప్రసూతి దవాఖాన ముందు నిలబడే ఆడవాళ్లు మనలాంటివాళ్లే, వాళ్లకు ఇంకా ఎక్కువే రావాలి. నేను అడిగేది ఆ "నడిచిపోయేంత దూరం" అనే కొలత గురించి. నగరంలో పనికొచ్చిన ఆ కొలత, నడక తప్ప వేరే దారి లేని మన గూడేలకు ఎందుకు పనికిరాదు?

దీని ఫలితమే రెఫరల్ చీటీ. సబ్‌సెంటర్ నుంచి పీహెచ్‌సీ, అక్కడి నుంచి ఉట్నూరు, తర్వాత ఆదిలాబాద్ రిమ్స్, చివరికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉస్మానియా. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ మంచం పక్కన కూర్చునే మనిషికి ఆ రోజుల కూలి ఎవరిస్తారు? ఊర్లో ఆగిపోయిన పత్తి ఏరుడు సంగతేంది? అమ్ముకొని వచ్చిన మేక? తెలుగు కూడా సరిగా రాని ముసలమ్మ ఏ కౌంటర్లో ఏ చీటీ ఇవ్వాలో తెలియక పోగొట్టుకున్న రోజు? గ్రాంటు గూడెం దాకా రానందుకు ఆ లోటును మనవాళ్లు తమ జేబులోంచి పూడుస్తున్నారు. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఇది ఖర్చు కింద కనబడదు. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 2018లోనే గిరిజన ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. గిరిజనుల ఆరోగ్యం మీద ప్రభుత్వం పెట్టే ఖర్చుకే సరైన విడి లెక్క లేదని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చుకే లెక్క లేనప్పుడు మన ఖర్చును లెక్కపెట్టేదెవరు?

ఉస్మానియాకు గోషామహల్‌లో 2,000 పడకల కొత్త భవనం కోసం 2025 జనవరి 31న శంకుస్థాపన చేశారు. పాత భవనం పరిస్థితి తెలిసినవాళ్లెవరూ కాదనరు. 2020 వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చి ఆ పాత బ్లాకును ఖాళీ చేయాల్సి వచ్చింది. అయితే కొత్త పడకలు ఎన్ని పెరిగినా, వాటిని నింపడానికి మలేరియా ముదిరిన పిల్లలను మన గుట్టల నుంచి పంపుతూనే ఉంటే అందులో మనకేం గెలుపు? దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది ఈ జంటనగరాల్లోనే, అటు సికింద్రాబాద్ దిక్కు. నూట పాతికేళ్లు దాటింది. రక్తం చుక్క తీసి చూసే పరీక్ష, మొదటి రోజు వేసే మాత్ర, ఈ రెండింటికి నగరం రావాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యూసీ మీద సంతకం చేసేది అధికారి. మనకు చట్టం ఇచ్చిన సంతకం ఇంకొకటుంది, దాన్ని మనం వాడటం లేదు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎఫ్) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామ పంచాయతీ తన ప్రణాళికలకు, పథకాలకు వాడిన నిధుల వినియోగానికి గ్రామసభ నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. సాంఘిక రంగాల సంస్థలు, సిబ్బంది మీద నియంత్రణ గురించి సెక్షన్ 4(ఎమ్)లో ఉంది. ఆర్థిక సంఘం ఆరోగ్య గ్రాంటు స్థానిక సంస్థల పేరు మీద వచ్చిన డబ్బు. మరి ఎన్ని గూడేల్లో "ఈ డబ్బు ఖర్చయింది, మేము చూశాం" అని గ్రామసభ రాసిచ్చింది? ఆరోగ్య మిషన్ డబ్బు పంచాయతీ దారిలో కాకుండా ఆరోగ్య సొసైటీల దారిలో వస్తుంది కాబట్టి మాకు వర్తించదు అంటరు. వర్తించేలా నిబంధన మార్చమనే నేను అడుగుతున్నా. ఏజెన్సీ మండలాల నుంచి పోయే ప్రతి యూసీకి గ్రామసభ తీర్మానం జతచేయాలి. అది లేకపోతే ఆ యూసీ చెల్లకూడదు.

"గూడెం మనుషులకు లెక్కలేం తెలుస్తయి?" అని అడిగేవాళ్లున్నారు. వోచర్లు తెలియకపోవచ్చు. ఏఎన్ఎం నెలలో ఎన్ని రోజులు వచ్చింది, బండి ఏ రోజు వచ్చింది, మాత్రలు ఉన్నాయా అయిపోయాయా, ఇవి గూడేనికి తెలిసినంత కోఠికి తెలియవు. జన్‌మన్ వాహనం సంత రోజు రావాలా, మామూలు రోజు రావాలా అనేది కూడా గూడేన్నే అడగాలి. అయితే మన లోపల ఉన్న సమస్య కూడా దాచొద్దు. చాలాచోట్ల గ్రామసభ అంటే సర్పంచి ఇంట్లో రిజిస్టరు మీద వేలిముద్రలు. పెసాలో గ్రామం అంటే ఆవాసం, రెవెన్యూ గ్రామం కాదు. సభ గూడెంలోనే జరగాలి, ఆడవాళ్లు పనుల నుంచి వచ్చాక జరగాలి.

మీరు డిగ్రీ చదువుతూ సెలవులకు ఊరికి పోతారు గదా, ఒక పని పెట్టుకోండి. ప్రతి గ్రామానికి ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి, దానికి ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వాలని మిషన్ మొదటి నుంచీ ఉన్న నియమం. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో ఆశా అక్కను అడగండి. ఆమెకే తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసులో ఫీజు ఐదు రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. గత మూడేళ్లలో మా ఊరి కమిటీకి, మా సబ్‌సెంటర్‌కు ఎంత జమైంది, దేనికి ఖర్చైంది, యూసీ నకలు ఇవ్వండి అని మూడే ప్రశ్నలు రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి వదిలేయకండి. గూడెంలో అందరూ ఉన్నప్పుడు, గోండిలోనో కొలామిలోనో, లైను లైను చదివి వినిపించండి. ఎవరైనా "ఇది రాలేదు" అంటే ఆ మాటను అక్కడికక్కడే తీర్మానంలో రాసి, ఒక నకలు పీహెచ్‌సీకి, ఒకటి ఐటీడీఏకు, ఇంకొకటి కోఠికి పంపండి.