సవరించిన ప్రతి ఎవరు చదువుతారు?

"మాండలికం ఎక్కువైంది, ఉదాహరణలు ప్రామాణిక భాషలో ఇవ్వండి" అన్నారు మొదటి రివ్యూయర్. రాజాం చుట్టుపక్కల ఊళ్లలో వరి ఉభాలప్పుడు ఆడవాళ్లు చెప్పుకునే మాటల మీద నా వ్యాసం. మాండలికం తీసేస్తే అందులో మిగిలేదేమిటి? ఇష్టం లేకుండానే మార్చాను. మార్చింది మా పెద్దమ్మకి చదివి వినిపిస్తే, "ఇయి నా మాటలు కావే గుంటా" అంది. అయినా పంపాను. పదోన్నతికి పేపరు కావాలి మరి.

ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. ఈసారి చదివింది మరొకరు. స్త్రీల మాటని ప్రామాణిక భాషలోకి మార్చి వాళ్ల గొంతు నొక్కానట! మొదటి రివ్యూయర్ అడిగిన ప్రతి మార్పుకీ నేను రాసిన నాలుగు పేజీల వివరణ ఈ రెండో మనిషికి చేరనే లేదని ఆ రాతలోనే తెలుస్తోంది. సంపాదకుడు రెండు అభిప్రాయాలూ చదివి ఉంటే ఒక్క వాక్యమైనా రాసేవారు. "ముప్పై రోజుల్లో సవరించి పంపండి" అన్న పాత ఉత్తరమే మళ్లీ వచ్చింది.

సవరణ మీద నాకు కోపం లేదు. పక్కనే విజయనగరంలో గురజాడ, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది ఆ తిరగరాతలోనే. కానీ ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చుకున్నది రాసినాయనే.

రివ్యూయర్ పేరు చెప్పమని నేను అడగడం లేదు. పేర్లు దాచడం చిన్న ఊరి కాలేజీల్లో పనిచేసే మాలాంటి ఆడవాళ్లకి కొంత రక్షణే. దాక్కోకూడనిది సంపాదకుడు. సవరించిన ప్రతి మొదట చదివినవారికే వెళ్లాలి. వారికి కుదరకపోతే కొత్తవారికి పాత అభిప్రాయాన్నీ, రచయిత్రి జవాబునీ కలిపి పంపాలి. ఇద్దరూ చెరోవైపు లాగితే తేల్చాల్సింది సంపాదకుడే. రివ్యూయర్లు దొరకడం లేదు, జీతం లేని పని అంటారు. నిజమే. నా నాలుగు పేజీలూ జీతానికి రాసినవి కావు. జవాబుపత్రాలు దిద్ది, వంటిల్లు సర్దాక రాసినవి.

యూజీసీ కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. ఏది మంచి జర్నలో విద్యాసంస్థలే తేల్చుకోవాలిక. తేల్చే కమిటీల్లో మనలో కొందరైనా ఉంటాం. సవరించిన ప్రతిని ఎవరికి పంపుతారో, ఎలా చూస్తారో రాతపూర్వకంగా చెప్పని జర్నల్‌ని అక్కడ ఒప్పుకోవద్దు.

పెద్దమ్మ మాటలు ఆవిడ అన్నట్టే తిరిగి పెట్టేశాను. రెండు అభిప్రాయాలూ పక్కపక్కన పెట్టి, "వీటిలో మీది ఏది?" అని సంపాదకుడికి రాశాను. ఇంకా జవాబు రాలేదు.