సారుకు అంగీ కావాలె, అప్పు కాదు!

మహమ్మద్‌నగర్ నుంచి బాన్సువాడ బట్టల దుకాణానికి బస్సెక్కే కొత్త టీచరుకు ఒక్క మాట. కొలువొచ్చింది, సంతోషం. కాని మొదటి జీతం చేతిల పడకముందే అప్పుజేసి డజను జతలు కొనకుండ్రి.

2024 డీఎస్సీ 11,062 పోస్టులకు పడ్డది. ఆ కొలువు కోసం కోచింగ్ ఫీజులు కట్టి ఎన్ని ఇండ్లు అలసిపోయినయో మనకు ఎరుకే. ఇగ బట్టలకు ఇంకో అప్పా?

1980లల్ల స్పెషల్ టీచర్లకు సర్కారు ఇచ్చింది నెలకు 398 రూపాయలే. ఆ పైసలతోనే బతికి పిల్లలకు చదువు చెప్పిండ్రు. వాళ్ల గౌరవం ఏ బ్రాండు తెచ్చిపెట్టింది?

సార్లకు రెండు ప్యాంట్లు, నాలుగు అంగీలు చాలు. లేత రంగు అంగీ మీద సుద్దపొడి కనబడది. బట్ట కొని ఊరి దర్జీతోని కుట్టించుకుంటే కొలతా కుదురుతది, ఆయనకు పనీ దొరుకుతది. మేడమ్‌లకు నాలుగైదు నూలు చీరలో, డ్రెస్సులో సరిపోతయి. గంజిపెట్టిన నారాయణపేట చీర హుందాతనం దేనికి తక్కువ? ఆ పైసలు మన మగ్గానికే పోతయి.

సర్కారు బడి పిల్లలు ఏడాదంతా రెండు జతల యూనిఫాంతోనే గడుపుతరు. వాళ్ల ముందట నిలబడే సారుకు పది జతలెందుకు?

సర్కారుకూ ఒక మాట: కొత్త టీచరు మొదటి జీతం ఆపకుండ్రి. అప్పు పుట్టేది అక్కడనే!